ఆ మంచు క్రింద ఏమున్నది?

పెద్దలు అడిగే ప్రశ్నలలో కొన్ని పసిపిల్లల ప్రశ్నల వలె వినిపిస్తాయి. వాటికి వెంటనే జవాబు చెప్పగలమని అనుకుంటాము. నోరు తెరిచిన తరువాత గాని మనకు తెలిసినది ఎంత స్వల్పమో అర్థం కాదు. నిరుడు మా కళాశాలలో అటువంటి ప్రశ్న ఒకటి మాకు ఎదురయింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ మేము గడిపిన కొన్ని నెలల వృత్తాంతమే ఈ వ్యాసం. ఇందులో శాస్త్రం కొంత ఉన్నది. మా సిగ్గు కొంత ఉన్నది. రెండింటినీ దాచకుండా చెప్పదలచుకున్నాము.

ఫిబ్రవరి 28వ తేదీ జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఆ సందర్భంగా ఏర్పాటయిన ప్రదర్శనలో 'ధ్రువ ప్రాంతాల జీవజాలం' అనే నమూనా తయారుచేసే బాధ్యత జంతుశాస్త్ర విభాగం విద్యార్థులమైన మాకు అప్పగించారు. థర్మోకోలు పలకలను చెక్కి మంచు దిబ్బలుగా నిలిపాము. నీలిరంగు కాగితం పరచి సముద్రమన్నాము. బజారులో దొరికిన ప్లాస్టిక్ బొమ్మలలో నుండి ఒక తెల్ల ఎలుగుబంటిని, రెండు సీళ్ళను, నాలుగు పెంగ్విన్లను ఏరి తెచ్చి మంచు మీద నిలబెట్టాము. పని ముగిసి దూరంగా నిలిచి చూసుకున్నప్పుడు మా నేర్పుకు మేమే మురిసిపోయాము.

ఆ పని సాగుతున్న రోజులలోనే, మొదటి సంవత్సరం చదువుతున్న ఉర్దూ మాధ్యమం విద్యార్థిని ఒకరు వచ్చి, "అన్నా, మంచు అడుగు భాగానికి గోధుమరంగు వేయాలి గదా?" అని అడిగింది. మేము నవ్వాము. "మంచు ఎక్కడైనా గోధుమరంగులో ఉంటుందా? చూసినవాళ్ళు మురికి అనుకుంటారు" అన్నాము. తాను చదివిన ఒక ఉర్దూ పుస్తకంలో అలా ఉన్నదని ఆమె చెప్పబోయింది. మా జట్టులో ఉర్దూ చదవగలవారు లేరు. చదివి చెప్పగల మనిషి ఎదుటనే ఉన్నా వినే ఓపిక మాకు లేకపోయింది. ఆమె మారు మాట్లాడక, పేర్ల చీటీలు అతికించే పనికి వెళ్ళిపోయింది.

ప్రదర్శన నాడు పాలకవర్గ సభ్యులలో వయోవృద్ధులైన ఒక పెద్దమనిషి మా బల్ల దగ్గర ఆగారు. కళ్ళజోడు సవరించుకొని, ఎలుగుబంటి బొమ్మను చేతికర్రతో చూపుతూ అడిగారు:

"బేటా, ఈ ఎలుగు ఏం తింటది?"

"సీలును తింటుందండీ."

"సీలు ఏం తింటది?"

"చేపలను తింటుందండీ."

"చేప?"

"చిన్న చేపలను..."

"మరి ఆ చిన్న చేపకు తిండి యాడిది? మీ మంచు కింద అంత ఖాళీయే ఉన్నది గదా!"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగా తెలుసుకోగోరి అడిగిన ప్రశ్న అది. మా వద్ద జవాబు లేదు. ఆయన మా భుజం తట్టి, "తెలుసుకొని చెప్పండి" అని ముందుకు సాగారు. ఆ తరువాత వచ్చిన మా అధ్యాపకులు, ధ్రువపు ఎలుగుబంటి ఉత్తర ధ్రువ ప్రాంతంలోనూ, పెంగ్విన్ దక్షిణార్ధ గోళంలోనూ ఉంటాయనీ, వాటిని ఒకే మంచుదిబ్బ మీద నిలిపిన ఘనత మాకే దక్కిందనీ మెల్లగా చెప్పారు. ఆనాటి మా అవమానం సంపూర్ణమయింది.

మరునాడే గ్రంథాలయానికి వెళ్ళాము. పెద్దమనిషి ప్రశ్న ఒక మెట్టు వంటిది. దాని మీద అడుగు పెట్టగానే క్రింద ఇంకా ఎన్నో మెట్లు కనిపించాయి.

ముందుగా తెలుసుకోవలసినది సముద్రపు మంచు స్వభావం. మంచినీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. సముద్రపు నీరు ఉప్పు వలన ఇంకా చల్లబడి, సుమారు మైనస్ 1.8 డిగ్రీల వద్ద గాని గడ్డకట్టడం ప్రారంభించదు. గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు ఉప్పును తమలో చేరనీయవు. వెలివేయబడిన ఉప్పు కొంత సముద్రంలోకి జారిపోతుంది. మిగిలినది చిక్కని ఉప్పునీరుగా స్ఫటికాల నడుమ చిక్కుకుంటుంది. చిన్ననాడు మనమందరం తిన్న పుల్ల ఐసును గుర్తుకు తెచ్చుకుంటే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. గట్టిగా పీల్చినప్పుడు రంగూ తీపీ నోటిలోకి వచ్చి, పుల్ల మీద తెల్లని మంచు మాత్రం మిగులుతుంది. రంగునీరు మంచులో కరిగి లేదు. మంచు పలుకుల సందులలో ఉన్నది. సముద్రపు మంచు కూడా అటువంటిదే. పైకి గచ్చు వలె గట్టిగా కనిపించినా, లోపల వెంట్రుకంత సన్నని దారులు మొదలు వ్రేలు దూరేటంత నాళాల వరకు వేలకు వేలు అల్లుకొని ఉంటాయి.

ఆ నాళాలే ఇళ్ళు. ఇళ్ళని తేలికగా అంటున్నాము గాని, అక్కడి బ్రతుకు కఠోరమయినది. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మంచు మైనస్ 10 డిగ్రీలకు చల్లబడితే నాళాలలోని నీరు దాని కంటె నాలుగు రెట్లు ఉప్పగా మారుతుంది. చలి పెరిగిన కొద్దీ దారులు ఇరుకవుతాయి. వసంతంలో మంచు కరిగినప్పుడు అదే ఇంటిలోకి మంచినీరు వచ్చి పడుతుంది. ఉప్పూరగాయ వంటి నీటినీ చప్పిడి నీటినీ ఒకే జన్మలో భరించగలిగినవే అక్కడ నిలుస్తాయి.

అయినా నిలిచినవి ఎన్ని! అన్నింటికీ ఆధారం డయాటంలనబడే ఏకకణ శైవలాలు. గాజు పెట్టెల వంటి సిలికా కవచాలలో నివసించే ఈ సూక్ష్మజీవులు మంచు అడుగున కొద్ది సెంటీమీటర్ల మందంలో దట్టంగా పెరుగుతాయి. పైన మంచు, దాని మీద హిమం. వాటిని దాటి క్రిందికి దిగే వెలుతురు పైనున్న దానిలో నూరో వంతైనా ఉండకపోవచ్చు. ఆ మసక వెలుగులోనే అవి ఆహారం తయారుచేసుకుంటాయి. కొన్ని డయాటంలు తమ చుట్టూ మంచు స్ఫటికాలు పెరగకుండా అడ్డుకునే మాంసకృత్తులనూ, జిగురునూ స్రవిస్తాయి. వసంతంలో వాటి సంఖ్య పెరిగినప్పుడు మంచు అడుగు భాగమంతా గోధుమరంగుకు తిరుగుతుంది.

గోధుమరంగు! ఆ వాక్యం చదివిన క్షణంలో మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మేము మురికి అని తోసిపుచ్చినది ఆ లోకానికి పచ్చిక బయలు.

ఈ సంగతి నిన్న మొన్న కనిపెట్టినదీ కాదు. 1839 నుండి 1843 వరకు జేమ్స్ క్లార్క్ రాస్ నాయకత్వాన ఎరిబస్, టెర్రర్ అనే ఓడలు దక్షిణ సముద్రాలలో సంచరించినప్పుడు, వాటిలో ఉన్న యువ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హూకర్ మంచుకు పట్టిన గోధుమరంగు డయాటంల వలననే అని గుర్తించాడు. ఆ మహాసముద్రాల జీవులకు అవే మొదటి మేత అని కూడా ఊహించాడు. అర్ధ శతాబ్దం తరువాత నార్వే దేశస్థుడైన ఫ్రిజోఫ్ నాన్సెన్ తన ఓడ 'ఫ్రామ్'ను బుద్ధిపూర్వకంగా ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో చిక్కించి, 1893 నుండి 1896 వరకు ఆ మంచుతో పాటు కొట్టుకొనిపోనిచ్చాడు. సాహసిగా అతడిని లోకమంతా ఎరుగును. చదువుచేత అతడు జంతుశాస్త్రజ్ఞుడని ఎరిగినవారు తక్కువ. నాలుగు దిక్కులా మంచు తప్ప మరేమీ లేని ఆ ఒంటరితనంలో అతడు మంచు మీది నీటి గుంటల నుండి చుక్కలు తెచ్చి సూక్ష్మదర్శిని క్రింద పెట్టుకొని, వాటిలో కదలాడే ఏకకణ జీవులను గంటల తరబడి చూసేవాడు.

ఇక ఆ పచ్చికను మేసే జంతువుల మాట. మంచు నాళాలలో దారపు పోగుల వంటి నెమటోడు పురుగులు, చదునైన పురుగులు, నోటి చుట్టూ నూగు చక్రాలు తిప్పే రోటిఫర్లు, కోపిపాడ్ల పసికూనలు నివసిస్తాయి. వీటిలో చాలా భాగం ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. రోటిఫర్లు తమ దేహం కంటె సన్నని దారులలో కూడా మెత్తగా దూరిపోగలవని ప్రయోగాలలో తేలింది. ఇరుకు వాటికి కష్టమే కాదు, రక్షణ కూడా. పెద్ద నోళ్ళు ఆ సందులలోకి రాలేవు. అయితే వేటగాళ్ళు అసలు లేవని కాదు. అలాస్కాలో అప్పట్లో బారో అని పిలువబడిన పట్టణం సమీపంలో తీరపు మంచు నుండి బయటపడిన ఒక జీవికి 2008లో 'సింపాగోహైడ్రా తూలి' అని నామకరణం చేశారు. అది మన ప్రయోగశాలలో చూసే హైడ్రాకు దూరపు బంధువు. పొడవు అర మిల్లీమీటరుకు లోపే. మంచు సందులలో మెల్లగా పాకుతూ తన చేతులతో రోటిఫర్ల వంటి వాటిని పట్టి మ్రింగుతుంది. అంత చిన్న లోకంలోనూ పులీ మేకా ఉన్నాయన్నమాట.

మంచు అడుగున తలక్రిందులుగా నడిచే జంతువులు మరికొన్ని. రొయ్యకు దూరపు చుట్టాలైన యాంఫిపాడ్లు వాటిలో ముఖ్యమయినవి. 'గమారస్ విల్కిట్‌స్కీ' అనే జాతి అయిదారు సెంటీమీటర్లు పెరిగి, అయిదారేళ్ళు జీవిస్తుంది. వంకర గోళ్ళతో మంచును పట్టుకొని వ్రేలాడుతుంది. తల్లి తన గ్రుడ్లనూ పిల్లలనూ పొట్ట క్రింది సంచిలో మోస్తుంది. మనకు నేల ఎటువంటిదో దానికి ఆ మంచు కప్పు అటువంటిది. దాని క్రింద మాత్రం వేల మీటర్ల లోతు. పట్టు తప్పితే నిలువ చోటు లేదు. దాని కంటె చిన్నది, సుమారు ఒక సెంటీమీటరు పొడవుండేది, 'అఫెరూసా గ్లేసియాలిస్'. దీని సంగతి మాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించింది. మంచు కరిగితే ఇది నశించవలసినదే అని చాలాకాలం భావించారు. కాని 2012 జనవరిలో, ధ్రువపు చీకటి రాత్రిలో, స్వాల్‌బార్డ్ ద్వీపాలకు ఉత్తరాన లోతు నీటి నుండి గ్రుడ్లతో ఉన్న ఆడ అఫెరూసాలు వలలకు చిక్కాయి. మంచు దక్షిణానికి కొట్టుకొనిపోయి కరిగే వేళ ఇవి లోతుకు దిగి, అక్కడ ఉత్తరానికి సాగే ప్రవాహాన్ని పట్టుకొని తిరిగి మంచు సీమకు చేరుకుంటాయేమో అని శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. అది నిజమైతే, సెంటీమీటరు పొడవైన ఆ జీవి క్రింది నీటిని తిరుగు ప్రయాణానికి బండిగా వాడుకుంటున్నదన్నమాట.

ఇప్పుడు పెద్దమనిషి అడిగిన వరుసను క్రింది నుండి పైకి చెప్పగలము. డయాటంలను కోపిపాడ్లు, యాంఫిపాడ్లు తింటాయి. వాటిని ధ్రువపు కాడ్ చేప తింటుంది. ఆ చేపను వలయపు సీలు తింటుంది. సీలును ఎలుగుబంటి తింటుంది. నాలుగైదు క్వింటాళ్ళు తూగే మగ ఎలుగుబంటి, కంటికి కనిపించని గాజు పెట్టెల మీద నిలబడి ఉన్నది.

ఈ వరుసలో ఒక్క జీవి దగ్గర కొంచెం ఆగాలి. దాని పేరు 'కెలానస్ గ్లేసియాలిస్'. మూడు నాలుగు మిల్లీమీటర్ల కోపిపాడ్. మన ప్రయోగశాల రికార్డు పుస్తకాలలో సైక్లాప్స్ బొమ్మ గీయని జంతుశాస్త్ర విద్యార్థి ఉండడు. మన దిగుడు బావుల నీటిలో ఉండి, ఒకనాడు నారికురుపు వ్యాధిని మోసినది ఆ సైక్లాప్సే. 2000వ సంవత్సరంలో మన దేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. బావిలోని సైక్లాప్స్, ధ్రువ సముద్రపు కెలానస్ ఒకే కోపిపాడ్ కుటుంబపు కొమ్మలు. కాబట్టి కెలానస్ మనకు పూర్తిగా పరాయిది కాదు.

ధ్రువ సముద్రంలో సంవత్సరానికి రెండు పంటలు. వసంతారంభంలో మంచు అడుగున డయాటంల పంట. మంచు కరిగి వెలుతురు నీటిలోకి దిగిన తరువాత సముద్రంలో తేలియాడే శైవలాల పంట. స్వాల్‌బార్డ్‌లోని ఒక సముద్రపు పాయలో 2007లో పరిశీలించినప్పుడు ఈ రెండింటికీ నడుమ సుమారు రెండు నెలల ఎడం కనిపించింది. తల్లి కెలానస్ మొదటి పంటను తిని గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్లు పగిలి పిల్లలు తినే వయసుకు వచ్చేసరికి రెండవ పంట సిద్ధంగా ఉంటుంది. తల్లికి ఒకటి, పిల్లకు ఒకటి. ఆ వేసవిలో పిల్లలు దేహం నిండా కొవ్వును నింపుకొని, దీర్ఘమైన చీకటి కాలాన్ని లోతు నీటిలో గడుపుతాయి. ఆ కొవ్వే చేపలకూ పక్షులకూ బలం.

మన రైతులు 'అదను' అనే మాట వాడుతారు. విత్తనం మంచిదే, నేల మంచిదే, వాన కూడా కురిసిందే. కాని అదను తప్పితే పంట చేతికి రాదు. మృగశిరలో రావలసిన చినుకు ఆలస్యమైతే ఏమవుతుందో తెలుగునాట వివరించి చెప్పనక్కరలేదు. కెలానస్ బ్రతుకంతా అదను మీద ఆధారపడినది. మంచు ముందుగా కరిగితే సముద్రపు పంట ముందుకు జరుగుతుంది, మంచు పంట కురచవుతుంది. పిల్లలు పుట్టేసరికి విస్తరి ఎత్తివేసినట్లవుతుంది. మంచు తగ్గడమంటే చల్లదనం తగ్గడం మాత్రమే అనుకున్నాము. అది ఒక పంచాంగం చెరిగిపోవడం కూడా అని అప్పుడు తెలిసింది.

దక్షిణాన కథ వేరు, ధర్మం ఒక్కటే. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రం శీతాకాలంలో సుమారు 1 కోటి 80 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మంచు కప్పుకుంటుంది. అక్కడి కథానాయిక క్రిల్. ఆరు సెంటీమీటర్లు మించని ఈ రొయ్య వంటి జంతువుల మొత్తం బరువు 30 నుండి 50 కోట్ల టన్నుల వరకు ఉంటుందని అంచనా. ఆకలి వేళ క్రిల్ తన దేహాన్నే కుదించుకొని బ్రతకగలదు. కాని పసి క్రిల్‌కు ఆ శక్తి లేదు. మొదటి శీతాకాలంలో అది మంచు అడుగున పెరిగే శైవలాలను గీరుకొని తినాలి. మంచు ముడుతలలో తలదాచుకోవాలి. నీలి తిమింగలం, అడేలీ పెంగ్విన్, 'పీతలు తినే సీలు' అని పేరు పడినా పీతలను గాక క్రిల్‌నే తినే సీలు - వీటన్నిటి ఆకలి ఆ పసి క్రిల్ మొదటి చలికాలం దాటడం మీద ఆధారపడి ఉన్నది.

దక్షిణ ధ్రువం మాట వచ్చినప్పుడు ఒకరిని స్మరించడం మా విధి. భారతదేశపు తొలి అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించినవారు డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. అలహాబాదులో జన్మించి, అలీగఢ్‌లో చదివిన సముద్ర జీవశాస్త్రవేత్త ఆయన. 21 మంది సభ్యులతో 1981 డిసెంబరులో గోవా నుండి బయలుదేరిన ఆ బృందం 1982 జనవరి 9వ తేదీన మంచు ఖండం మీద కాలుమోపింది. తరువాతి కాలంలో ఆయన జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా కూడా ఉన్నారు. నేడు దక్షిణాన మైత్రి, భారతి, ఉత్తరాన స్వాల్‌బార్డ్‌లో 2008లో నెలకొల్పిన హిమాద్రి మన పరిశోధన కేంద్రాలు. సముద్ర జీవులను చదివిన మనిషి చేతికి దేశం తన తొలి యాత్రను అప్పగించిందన్న విషయం మన విద్యార్థులు గమనించదగినది.

ఇంతవరకు చెప్పినది ఆ లోకపు వైభవం. ఇక చెప్పవలసినది దాని ప్రమాదం. 1979 నుండి ఉపగ్రహాలు ధ్రువ మంచును క్రమం తప్పకుండా కొలుస్తున్నాయి. ఉత్తర ధ్రువ సముద్రంలో ఏటా సెప్టెంబరులో మంచు కనిష్ఠానికి చేరుతుంది. 1980 ప్రాంతాలలో ఆ కనిష్ఠం సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో అది 34 లక్షలకు పడిపోయింది. మన దేశ వైశాల్యం సుమారు 33 లక్షలు. అంటే ఒక భారతదేశమంత మంచు మిగిలి, మరొక భారతదేశమంత మంచు మాయమయిందన్నమాట. దక్షిణాన చాలా ఏళ్ళు పెద్ద మార్పు లేకుండా నిలిచిన మంచు కూడా 2023లో, ఉపగ్రహాల కొలతలు మొదలైన నాటి నుండి ఎన్నడూ లేనంతగా తగ్గింది. బొగ్గు, చమురు మండించడం వలన వాతావరణంలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించడమే ఉత్తరాన ఈ నష్టానికి ప్రధాన కారణమని నిర్ధారణ అయింది.

విస్తీర్ణం కంటె వయసు నష్టం పెద్దది. పూర్వం ఉత్తర సముద్రపు మంచులో చాలా భాగం అనేక వేసవులను దాటిన పాత మంచు. నేడు అధిక భాగం ఒక్క శీతాకాలంలో ఏర్పడి, మరుసటి వేసవికే కరిగే లేత మంచు. అయిదారేళ్ళు బ్రతికే గమారస్‌కు ఒక్క ఏడాది నిలిచే ఇల్లు ఏ మూలకు? స్వాల్‌బార్డ్ పరిసరాలలో మంచు అడుగు యాంఫిపాడ్ల సంఖ్య 1980ల నాటితో పోల్చితే బాగా తగ్గినట్లు పరిశీలకులు నమోదు చేశారు. 2012 వేసవిలో 'పోలార్‌స్టెర్న్' అనే జర్మన్ నౌకలో వెళ్ళిన శాస్త్రజ్ఞులు మరొక దృశ్యం చూశారు. మంచు అడుగున మీటర్ల పొడవున జడల వలె వ్రేలాడే 'మెలోసిరా' అనే డయాటం, మంచు కరగడంతో తెగి, 4,000 మీటర్లకు పైగా లోతున సముద్రపు అడుగున కుప్పలుగా పడి ఉన్నది. అక్కడి సముద్ర దోసకాయలనే జంతువులు దానిని తింటున్నాయి. పైవారి ఇల్లు కూలితే క్రిందివారికి విందు అయినట్లు కనిపించినా, అది ఎన్నాళ్ళ విందు?

ఎలుగుబంటి చిక్కిపోయిన చిత్రాన్ని పత్రికలు వేస్తాయి. చూసి మనం జాలిపడుతాము. నెమటోడు పురుగు చిత్రాన్ని ఎవరు వేస్తారు? వేసినా ఎవరు జాలిపడుతారు? మేమూ అంతే. నమూనా తయారుచేసేటప్పుడు బజారులో బొమ్మ దొరికిన జంతువులే జంతువులనుకున్నాము. బొమ్మ లేనివి మా సముద్రంలోకి రాలేదు. ఆ దోషం థర్మోకోలుది కాదు, మా చూపుది.

ఈ సంవత్సరం ప్రదర్శనకు మేము నమూనాను తిరిగి చేశాము. పెంగ్విన్లను ఉత్తరం నుండి తొలగించి వాటి స్వస్థలానికి పంపాము. మంచును పై నుండి గాక పక్క నుండి చూసేటట్లు, గాజు తొట్టి గోడకు ఆనించి నిలిపాము. రంగు వేయవలసిన వేళ వచ్చినప్పుడు నిరుటి ఆ విద్యార్థిని వద్దకు వెళ్ళి, నాడు నవ్వినందుకు మన్నించమని అడిగాము. ఆమె కొంచెం తడబడి, "అది పోనీ అన్నా, గోధుమరంగు మరీ చిక్కగా వేయకండి, మంచు కనబడాలి" అన్నది. తన ఉర్దూ పుస్తకం తెచ్చి, అందులోని పేజీని వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పింది. మేము మా తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలలో నెలల తరబడి వెదికి తెలుసుకున్న దానిలో సగం ఆ ఒక్క పేజీలో ఉన్నది. ఒకే కళాశాలలో, ఒకే గ్రంథాలయంలో, రెండు బీరువాల దూరంలో ఉన్న విషయాన్ని మేము ఎంత చుట్టుదారిలో చేరుకున్నామో తలచుకుంటే నేటికీ మనసు చివుక్కుమంటుంది. పేర్ల చీటీలను ఈసారి రెండు భాషలలో ఆమె వ్రాసింది. డయాటం, కోపిపాడ్, యాంఫిపాడ్ - మూడింటికీ మేము బంకమట్టితో బొమ్మలు చేశాము. సూక్ష్మదర్శిని ఒకటి ప్రక్కన పెట్టి, మా కళాశాల వెనుక కుంటలోని నీటి చుక్కలో సైక్లాప్స్‌ను చూపాము. చిన్నపిల్లలు ఎలుగుబంటిని వదలి దాని వద్దనే వరుస కట్టారు.

మమ్మల్ని ప్రశ్నించిన పెద్దమనిషి మాత్రం అస్వస్థత వలన ఈ ఏడు రాలేకపోయారు. వారి కుర్చీ ఖాళీగా ఉండడం మాకు వెలితిగా తోచింది. వార్షిక సంచిక పాలకవర్గ సభ్యులందరికీ పంపుతారని విన్నాము. కావున మా జవాబును ఈ పుటలలోనే వారికి విన్నవించుకుంటున్నాము.

అయ్యా, తెలుసుకొని చెప్పమన్నారు. ఆ మంచు క్రింద ఖాళీ లేదు. అక్కడ పొలమున్నది, పశువులున్నాయి, తల్లులున్నారు, పసికూనలున్నాయి, అదనెరిగి సాగే సంసారమున్నది. చిన్న చేపకు తిండి అక్కడిదే. ఆ ఇంటి కప్పు మాత్రం ఏటేటా పలచబడుతున్నది. తమరు త్వరగా కోలుకొని, వచ్చే ప్రదర్శనకు విచ్చేసి, మాకు తెలియని మరొక ప్రశ్న అడగాలని కోరుకుంటున్నాము.